పుంగనూరు ఆవు నాకిన పుస్తకం

మదనపల్లె టమోటా మండీలో వేలం పాడే కదిరప్పన్నకు తక్కువలో మొదలుపెట్టి పైకి ఎత్తుకుంటూ పోవడమే పని. పొద్దున పదింటిదాకా టమోటా బాక్సుల ధర ఎత్తుతాడు. పది దాటాక మండీ ఎదురుగా మునిరత్నం టీ అంగట్లో బెంచీ మీద కూర్చుని తన పేరు తానే ఎత్తుకుంటాడు. మొదటిది కడుపు కోసం, రెండోది ప్రాణం కోసం.

ఆ రోజు ఆయన ఎత్తాల్సిన సరుకు ఒక పుస్తకం. ఒప్పుకోవాల్సింది నేను.

నేనంటే అశ్వినిని. ఊర్లో మిషన్ స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను, చేరి ఏడాది కూడా కాలేదు. శనివారం మా పిల్లలకోసం పాత బొమ్మల నీతికథల పుస్తకాల ప్రదర్శన పెట్టబోతున్నాం. నక్కలూ కొంగలూ కుందేళ్లూ ఉన్న పాత పుస్తకాలు ఎవరింట్లో ఉంటే వాళ్లను అడిగి ముప్పైదాకా పోగుచేశాను. అన్నీ బల్లల మీద పెట్టొచ్చు. అద్దాలపెట్టె మాత్రం ఒక్కటే ఉంది, అది కూడా సైన్సు ల్యాబులో పాము అస్థిపంజరానిది. పామును నాలుగు రోజులు అటక మీదికి పంపిస్తే అందులో ఒక్క పుస్తకం పడుతుంది. పక్కన తెచ్చినవాళ్ల పేరుతో ఒక కార్డు. ఆ కార్డు మీద ‘ఎం. కదిరప్ప’ అని ఉండాలని కదిరప్పన్న వారం రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాడు.

ఆయన దగ్గర ఇలాంటి బొమ్మల పుస్తకాలు నలభై ఉన్న మాట నిజం. టమోటా బాక్సుల్లో వేపాకు వేసి పేర్చుకున్నాడు, నేను చూశాను. కానీ ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చూపించలేదట.

ఒక్కదాన్నే పోతే ఆయన నోటికి ఆగలేనని విమలమ్మగారిని తోడు తీసుకుపోయాను. నాకు ముందు ముప్పై అయిదేళ్లు మా లైబ్రరీ నడిపిన మనిషి. రిటైరయ్యేటప్పుడు మూడో అల్మారాలో రెండు పుస్తకాల మధ్య ఒక చెక్కముక్క ఇరికించి, “దీన్ని ఎవురూ తియ్యొద్దు. ఈడుండాల్సింది బయటికి పోయుండాది, వస్తాది” అని చెప్పి పోయారట. ఇప్పటికీ ఆ చెక్కకు దుమ్ము దులపడం నా డ్యూటీ. ఇదంతా మీకు చెప్పాను గానీ కదిరప్పన్నకు చెప్పలేదు. ఎవరమ్మా ఈమె అని అడిగితే, “మాకు బాగా కావాల్సినవాళ్లు” అన్నాను. అబద్ధమైతే కాదు.

విమలమ్మగారు బెంచీ చివర కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్నారు. లారీ తోలే చరణ్ ఎదురుగా పాత లారీ టైరు మీద చతికిలబడ్డాడు. కదిరప్పన్న గొంతు సవరించుకున్నాడు.

“ఇదో అశ్వినమ్మా, గొప్పలు చెప్పుకొనే మనిషిని కాను నేను. మండీలో ఎవురినైనా అడుగు. పదేండ్ల కిందట పుంగనూరు సంతకు పోయినా. యాల పోయినా? తాడు కొనేదానికి. నాలుగు మూరల తాడు, అంతే. తాడు కొన్న్యా, ఆకలైంది, ఆడొక అవ్వ వేంచిన శెనక్కాయలు అమ్ముతాంటే ఒక పొట్లం కట్టించుకున్న్యా. తిని, పొట్లం విప్పి చూస్తే ఏముండాది? నక్క తోక!”

“శెనక్కాయలకు నక్క తోక ఫ్రీనా అన్నా?” అన్నాడు చరణ్.

“బొమ్మప్పా, బొమ్మ! ఎర్ర తోక, కొనకు తెల్లకుచ్చు, తడిమితే వేళ్లకు వెంట్రుకలు తగల్తాయి, అట్ల ఏసినాడు ఆ మహానుభావుడు. తోకుండాది, నక్క లేదు. ‘అవ్వా, నక్క యాడ?’ అంటి. ‘నక్క ఇప్పుడే గళ్లచొక్కా ఆయప్పకు పాయె నాయనా, కొంగ కావాలంటే ఉండాది’ అనె! పుస్తకం చించి పొట్లాలు కడతాండాది మహాతల్లి. ఇంగ నాకు కాళ్లు నిలుస్తాయా? సంతంతా పరిగెత్తినా. ఎవురి చేతిలో పొట్లం కనపడితే వాళ్ల ముందు నిలబడినా. శెనక్కాయలు అయిపోతే గదా కాగితం చేతికొచ్చేది? సరే, నేనే తిన్న్యా. నక్క పొట్లం తిన్న్యా, కొంగ పొట్లం తిన్న్యా, తాబేలు పొట్లం ముగ్గురన్నదమ్ములు పంచుకుంటాంటే నాలుగో అన్నదమ్ముణ్ణయి కూచున్న్యా. పొద్దుగూకే లోపల నూటాపద్దెనిమిది పొట్లాలు! వారం దినాలు నేను నవ్వితే లోపల గలగలమని శబ్దం.”

“కాగితాలు దొరికినాయి సరే, అట్ట?” అన్నాడు మునిరత్నం, గ్లాసులు కడుగుతూ.

“అట్ట అవ్వ కిందేసుకొని కూచునుండాది. ఆమెను ఎత్తి పక్కన కూచోబెట్టి లాక్కున్న్యా. పేరుండే ముందట్ట మాత్రం ఇంటికాడ కోడిని పొదగేసేదానికి వాడేసిందంట. పోనీలే, పేరుతో ఏం పని, గుణం ముఖ్యం.”

అని, సంచీలోంచి తువ్వాలు, తువ్వాలులోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి పాత పంచె ముక్క విప్పి, పుస్తకం బయటికి తీశాడు. బాగుంది. ఎగతాళి చేద్దామని వచ్చిన నాకు కూడా చేయి చాచాలనిపించింది. పేజీల అంచులు పసుపెక్కాయి గానీ రంగులు నిన్న ఆరినట్టున్నాయి. నక్క కళ్లలో దొంగతనం అలాగే ఉంది. పొట్లాలు కట్టిన మడత మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

“మడతలేవన్నా?”

“ఇస్త్రీ చేయించినా.” టక్కున అన్నాడు. “మడతలు కాదు తల్లీ, ఈ వీపు గుడ్డ సూడు. సన్నంగా, గళ్లు గళ్లుగా. ఇది యాడిది? ఈజిప్టుది! రాజుల శవాలకు చుట్టే గుడ్డ. ఐదు వేలేండ్లయినా పురుగు ముట్టదు. ఇట్లాంటి పుస్తకాలు లోకంలో మూడే మూడు. ఒకటి సముద్రంలో మునిగింది. ఇంకోటి ఒక రాజు బోంచేసి చెయ్యి తుడుచుకున్న్యాడు. మూడోది నాకాడ.”

విమలమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని ఆ గుడ్డను బొటనవేలితో ఒకసారి తడిమారు. బన్ను పక్కన పెట్టేశారు.

“నక్క వీపు మీద ఈ పసుపు మరకేంది నాయనా?” అని అడిగారు.

“మరకంటావేందమ్మా! బంగారం. అచ్చమైన బంగారం కరగబెట్టి ఒక బొట్టు ఏసినారు. దిష్టి తగలకుండా.”

“ఓహో,” అన్నారు ఆమె.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుస్తకం ఇంటికి తెచ్చి ఎండకు అరుగు మీద పెడితి. నక్క పేజీ తెరుచుకోనుండాది. మా వీధిలో ఒక్క కోడి బయటికి రాలా! మూడు దినాలు. గంపల కిందే కూచుని గంపల కిందే గుడ్లు పెడతాండాయి. సరే పాపమని పేజీ తిప్పితి. అది పచ్చిక పేజీ. కుందేలు తాబేలు పందెం పెట్టుకొనే మైదానం. మా పెద్దమ్మది పుంగనూరావు ఉండాది, ఇంతే, నా మోకాలికి రవ్వంత పైన. అది వచ్చి నిలబడింది, వాసన చూసింది, బర్రున ఒక్క నాకు నాకింది! ఇదో సూడు, ఈ మూల.”

నిజంగానే పచ్చిక పేజీలో ఒక మూల రంగంతా అలికినట్టు పోయి, కాగితం చివర నలిగి ఊడిపోయి ఉంది.

“ఆ పూట పాలు పచ్చగా వచ్చినాయి. తోడేస్తే పెరుగు పుదీనా చట్నీ మాదిరి. ఆర్నెల్లకు ఈనింది. దూడకు ఎడమపక్క కుందేలు మచ్చ, కుడిపక్క తాబేలు మచ్చ. అది నడిస్తే చాలు, జనం రోడ్డు మీద నిలబడి చూసేది. ఎందుకంటావు? ఎప్పుడు చూసినా తాబేలు పక్కే రవ్వంత ముందుంటాది!”

చరణ్ టీ ముక్కులోకి పోయి దగ్గాడు. నేను నవ్వకూడదనుకుని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. కదిరప్పన్నకు కావాల్సింది అదే. గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

“ఈ సంగతి లండన్‌కు పోయింది. ఒక దొర హెలికాప్టర్ ఏసుకొని వచ్చినాడు. దించింది యాడ? మండీలో టమోటా రాశి మీద! ఆ రెక్కల గాలికి ఆ దినం మదనపల్లెలో ఆరేసిన ప్రతి తెల్లపంచె ఎర్రపంచె అయింది. ‘కదిరప్పా, పుస్తకమియ్యి, హెలికాప్టర్ తీసుకో’ అన్న్యాడు. ‘నీ హెలికాప్టర్ నాకెందుకయ్యా, బస్సులు తిరగతాండాయి గదా’ అంటి. ఆయప్ప ఏడ్చుకుంటా ఒక రహస్యం చెప్పినాడు. దీనికి రెండో భాగం కుప్పంలో ఉండాదని!”

“లోకంలో మూడే ఉంటే, రెండో భాగం యాడిదన్నా?” అన్నాను.

“గమ్మునుండమ్మా, కథ జారిపోతాది. కుప్పం బస్సెక్కినా. వెంకటగిరికోట దాటినాక రోడ్డుకు అడ్డంగా ఏనుగులు. పదిహేడు. డ్రైవరు హారన్ కొడితే కదలవు, కండక్టరు విజిల్ ఏస్తే కదలవు. ఇటు మనోళ్ల బండ్లు, అటు కర్ణాటక బండ్లు, ఇంకోపక్క తమిళనాడు బండ్లు, మూడు రాష్ట్రాలు నిలబడిపోయినాయి. నేను దిగినా. డెబ్బై ఏనుగుల మధ్యలోకి ఒక్కణ్ణే…”

“ఇందాక పదిహేడన్నావే?” అన్నాడు చరణ్.

“అది ముందు వరసప్పా! డెబ్బై ఏనుగుల మధ్యలో నిలబడి పుస్తకం తెరిసినా. పెద్ద ఆడేనుగు ముందుకొచ్చింది. డ్రైవరు నీళ్ల బాటిల్లో తొండం కొన ముంచింది. యాల? పేజీ తిప్పేదానికి! తడి చేసుకొని ఒక్కో పేజీ తిప్పింది, మర్యాదగా, ఒక్క మూల నలగకుండా. ఏనుగు బొమ్మ కాడికొచ్చి ఆగిపోయింది. కండ్లలో నీళ్లు. తొండంతో ఏనుగు కాలు చూపిస్తాది, నన్ను చూస్తాది, మళ్లా చూపిస్తాది. నేను దగ్గరికి పెట్టుకొని చూస్తే, నిజమే! ఆ కాలికి ఒక గోరు తక్కువ ఏసినాడు. ‘తప్పయిపోయిందమ్మా, క్షమించు’ అని జేబులో పెన్ను తీసి ఆడికాడ్నే గోరు గీసినా. అంతే! సంతోషంతో బస్సును నాలుగేనుగులు నాలుగు పక్కల పట్టుకొని, టైరు నేలకు తగలకుండా కుప్పం స్టేషన్ ముందర దించిపోయినాయి. కండక్టరు టిక్కెట్టు కొట్టినాడు, ఏనుగులకు కాదు, నాకు.”

ఏనుగు పేజీ తిప్పి చూపించాడు. కాలికి నీలం పెన్నుతో గీసిన గోరు ఒకటి నిజంగానే ఉంది. గీత కొంచెం వంకర. చిన్నచేతి గీతలా ఉంది. విమలమ్మగారు ఆ గోరునే చూస్తున్నారు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుప్పంలో అన్నం తిని స్టేషన్ బెంచీ మీద ఒక్క కన్ను మూసినా. తెరిచేసరికి పుస్తకమంతా తెల్లకాగితాలు! నక్క టీ అంగట్లో వడల కాడ, కొంగ కొళాయి కింద, కోతి సిగ్నలు స్తంభం మీద. ఊరుకుంటానా? మండీ గొంతు తీసినా: ‘ఒకటోసారి! రెండోసారి!’ మూడోసారి అనకముందే అన్నీ పరిగెత్తుకొచ్చి ఎవురి పేజీలో వాళ్లు పడినాయి. సింహం ఒక్కటి రానంటాది. దాన్ని చెవి పట్టి లోపలికి తోసి, పేజీ పక్క పేజీ కలిపి అంటించేసినా. ఇదో, ఈ రెండు పేజీలు. ఇప్పటికీ తెరవలా. తెరిస్తే మదనపల్లె ఖాళీ.”

నిజమే. పుస్తకం మధ్యలో రెండు పేజీలు అతుక్కుని లావుగా ఉన్నాయి.

“ఎన్నో పేజీలవి నాయనా?” విమలమ్మగారి గొంతు మారింది. నాకొక్కదానికే తెలిసింది.

“పదిహేను అయినాక సరాసరి పద్దెనిమిది.”

“అంటే సింహం పదిహేడులో ఉండాది.”

“ఊరంత సింహం!” బెంచీ మీంచి లేచాడు కదిరప్పన్న. మండీ గాలి పూనింది. “ఇప్పుడు చెప్పు అశ్వినమ్మా, అద్దాలపెట్టె నాదేనా కాదా? నేను చెప్పిందాంట్లో ఒక్క తప్పు, ఒకే ఒక్క తప్పు చూపించినోళ్లకు ఈ పుస్తకం ఇచ్చేస్తా. టీ అంగడి సాక్షి. ఉండారా ఎవురన్నా? ఒకటోసారి! రెండోసారి!”

“ఆగు నాయనా,” అన్నారు విమలమ్మగారు.

లేచి, మునిరత్నం దగ్గరికి పోయి, “కెటిల్ మూత తియ్యప్పా, ఆవిరి రావాల” అన్నారు. పుస్తకాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, అతుక్కున్న పేజీల అంచును ఆవిరి మీద నిదానంగా ఆడించారు. మధ్యమధ్యలో చీర కొంగుతో అద్దుతూ, గోటితో అణువణువూ విడదీస్తూ. కదిరప్పన్న రెండోసారి దగ్గరే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“మిషన్ ఆస్పత్రి పక్కనే స్కూలు నాయనా మాది,” అన్నారామె చేతిలోని పుస్తకం మీంచి కళ్లు తీయకుండా. “పుస్తకాలకు వీపు గుడ్డ కావాలంటే ఆస్పత్రి నర్సమ్మ గాయాలకు కట్టే గాజుగుడ్డ చుట్ట ఇచ్చేది. నీ ఈజిప్టు అదే. గుడ్డ కోస్తాంటే అయోడిన్ సీసా ఒరిగి నక్క మీద పడింది. నీ బంగారం అది. ఆ దినం నేను ఏడ్చినా కూడా, కొత్త పుస్తకం పాడుచేస్తినే అని. ఇంకో మాట. మా స్కూల్లో ముద్ర మొదటి పేజీలో ఏస్తే చించేస్తారని, ప్రతి పుస్తకంలోనూ పదిహేడో పేజీలో ఇంకోటి ఏస్తాము. అది తెలిసినోళ్లే పదిహేడును మూస్తారు.”

పేజీలు విడిపోయాయి. సింహం లేదు. ఎండిపోయిన అన్నం మెతుకులు నాలుగు, గుండ్రటి నీలం ముద్ర ఒకటి. దాంతో పాటు, మడతపెట్టిన ఒక చీటీ మునిరత్నం చక్కెర డబ్బా మీద పడింది. నేను తీసి చదివాను. తీసుకున్నవారు: ఎం. కదిరప్ప, ఏడో తరగతి, బి సెక్షన్. తేదీ: 1992 ఆగస్టు పది. గడువు: రెండు వారాలు.

“దేవునికి స్తోత్రం,” అన్నారు విమలమ్మగారు పుస్తకంతో. “వచ్చేసినావా.”

చరణ్ మెల్లగా, “సింహం యాడికి పాయెనన్నా?” అన్నాడు.

కదిరప్పన్న కూర్చున్నాడు. మండీలో పదిహేను వందల బాక్సుల మీద గంతులేసే గొంతు, టీ గ్లాసులోకి మాట్లాడినట్టు వచ్చింది.

“విమలా మేడమా? జుట్టు తెల్లగా అయిపోయిందే మేడమ్, గుర్తుపట్టలా… పుస్తకం తీసుకొని ఆగస్టు పదిహేను సెలవులకు పుంగనూరుకు మా పెద్దమ్మింటికి పోయినా. అరుగు మీద పెట్టుకొని చదువుతాంటే, ఆవు నాకింది మేడమ్. అదొక్కటీ నిజం. సగం పచ్చిక పాయె. మీకు మొగమెట్ల చూపించేదని భయం. రేపు ఇస్తాం, ఎల్లుండి ఇస్తాం అనుకుంటా ఉండగానే నాయనకు కుప్పంలో రాళ్ల క్వారీలో పని దొరికింది, స్కూలు మాన్పించి తీసుకుపాయె. ఆ ముద్ర చూస్తే మీరే నన్ను చూసినట్టుండేది. అందుకే అన్నం మెతుకులతో మూసేసినా.”

“చించేసుండొచ్చే?” అన్నాను నేను.

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “బొమ్మల పుస్తకం తల్లీ. ఎట్ల చించేది?”

విమలమ్మగారు పచ్చిక పేజీ తీసి, నాకిన మూలను చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేను కంగారు పడేలోపే ఆమె భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారు. గట్టిగా, ఊపిరి తిప్పుకోలేనంతగా.

“పాపం, ఆవును ఏమనాల? పచ్చిక అంత బాగా ఏసినాడు గదా!”

అందరికీ నవ్వు అంటుకుంది. కదిరప్పన్నకు చివర్లో అంటుకుంది, కానీ అందరికంటే ఎక్కువసేపు ఉంది.

“పందెం ఓడిపోతి మేడమ్. పుస్తకం మీదే. అద్దాలపెట్టె ఇంకెవురికన్నా ఇయ్యమ్మా,” అని నావైపు తిరిగి, మునిరత్నానికి గ్లాసు అందించబోయాడు.

“అదేంది?” అన్నారు విమలమ్మగారు. “పుస్తకం పెట్టెలో పెడదాం. పదిహేడో పేజీ తెరిచి పెడదాం. పక్కన కార్డు కొత్తగా రాసే పనిలేదు, ఈ చీటీ పెడితే చాలు, పేరు ఉండనే ఉండాది. శనివారం పదింటికి నువ్వు రావాల. ఏనుగులు, హెలికాప్టరు, పచ్చపెరుగు, అన్నీ ఇట్లనే చెప్పాల పిల్లోళ్లకు. ఒక్క ఏనుగు తగ్గినా ఒప్పుకోను.”

కదిరప్పన్న వీపు నిటారుగా అయింది. మెడ పొడుగైంది. ఆయన చెయ్యి తనంతట తానే గాల్లోకి లేవడం నేను చూశాను.

“అయితే ఒకటి చెప్పు మేడమ్. రెండు వారాల గడువిస్తే ముప్పైమూడేండ్లు వదలకుండా ఒకే పుస్తకం చదివిన స్టూడెంటు మీ స్కూల్లో ఇంకెవుడన్నా ఉండాడా? లోకంలో యాడన్నా ఉండాడా? ఉంటే పిలవండి! ఒకటోసారి! రెండోసారి!”

రోడ్డవతల మండీలోంచి ఒకాయన తలెత్తి చూశాడు. టీ అంగట్లో ఎవరూ చెయ్యెత్తలేదు.

“మూడోసారి,” అన్నారు విమలమ్మగారు, పుస్తకం తన సంచీలో పెట్టుకుంటూ.